న్యూరెంబర్గ్‌లో రెండు రాత్రులు: కోట మీద మొదలుపెట్టి కిందికి దిగుతూ ఊరు చూసే పద్ధతి

మేం ఉండేది జర్మనీలోని ఎర్లాంగెన్‌లో. అక్కడి నుంచి న్యూరెంబర్గ్‌కు రైల్లో ఇరవై నిమిషాల దారి. ఇండియా నుంచి ఎవరి అమ్మానాన్నలు వచ్చినా, వేరే ఊళ్లో చదువుకుంటున్న పిల్లలకు నాలుగు రోజులు సెలవు దొరికినా మాకు ఫోన్ వస్తుంది: "అన్నా, రెండు రోజులు వస్తున్నాం, ఎలా ప్లాన్ చేసుకోవాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ, చివరికి ఇలా రాసి పెట్టాను.

ఈ ఊళ్లో చూడాల్సినవి దొరకక ఎవరూ ఇబ్బంది పడరు. ఇబ్బందల్లా వరుసతోనే. ఏ రోజు ఏది మూసి ఉంటుందో చూసుకోకపోవడం ఒకటి, స్టేషన్ దగ్గర మొదలుపెట్టి కోట దాకా రాళ్ల బాటలో ఎక్కుకుంటూ పోవడం రెండోది. ఈ రెండూ సరిచేసుకుంటే మిగతాదంతా తేలిక.

స్టేషన్ బోర్డుల మీద, టికెట్ మెషీన్లలో ఊరి పేరు జర్మన్ పలుకుబడిలో 'న్యూర్న్‌బెర్గ్' అని ఉంటుంది. వేరే ఊరేమో అని కంగారు పడకండి.

## 1. తేదీ కంటే ముందు వారం చూసుకోండి

విమానం చవగ్గా దొరికిన రోజు చూసి బస బుక్ చేసుకోవడం మనకు అలవాటు. ఇక్కడ ముందు వారం పేరు చూడాలి.

- సోమవారం: చిత్రకారుడు డ్యూరర్ ఇల్లు, బొమ్మల మ్యూజియం, జర్మన్ జాతీయ మ్యూజియం, రైల్వే మ్యూజియం మామూలుగా సెలవు. డ్యూరర్ ఇంటికి వేసవిలోనూ క్రిస్మస్ సంత రోజుల్లోనూ కొంత మినహాయింపు ఉంటుంది.
- మంగళవారం: న్యూరెంబర్గ్ విచారణ (రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాజీ నాయకుల మీద నడిపిన విచారణ) జరిగిన కోర్టు హాలు మూసి ఉంటుంది.
- బుధవారం: జాతీయ మ్యూజియం రాత్రి 8 దాటేదాకా తెరిచి ఉంటుంది.
- ఆదివారం: దుకాణాలు బంద్. చర్చిల్లో పొద్దున ప్రార్థనలు, అవి అయ్యేదాకా చూడటానికి వచ్చినవాళ్లను లోపలికి పోనివ్వరు.

నన్నడిగితే బుధవారం మధ్యాహ్నం దిగి శుక్రవారం సాయంత్రం వెళ్లిపోవడం అన్నిటికన్నా మంచిది. ఉద్యోగం, కాలేజీ ఉండి శనాదివారాలే కుదిరేవాళ్లు శుక్రవారం రాత్రికే చేరుకోండి. శనివారం పాత ఊరు, ఆదివారం కోర్టు హాలు పెట్టుకోండి. ఆది, సోమ, మంగళ మాత్రం వద్దు. మొదటిసారి మా బాబాయి కుటుంబాన్ని నేను తీసుకెళ్లింది సోమవారమే. మూడు మూసిన తలుపుల ముందు నిలబడి ఫోటోలు దిగి వచ్చాం.

ఇంకో జాగ్రత్త. ఇది ట్రేడ్ ఫెయిర్లు జరిగే ఊరు. జనవరి చివర్లో, ఫిబ్రవరి మొదట్లో జరిగే బొమ్మల ఫెయిర్ రోజుల్లో హోటల్ ధరలు రెట్టింపు దాటి కూడా పోతాయి. క్రిస్మస్ సంత నడిచే రోజుల్లో, అందులోనూ వారాంతాల్లో అదే పరిస్థితి. ఆ సంత ఆడ్వెంట్ (క్రిస్మస్‌కు ముందొచ్చే నాలుగు ఆదివారాల కాలం) మొదటి ఆదివారానికి ముందొచ్చే శుక్రవారం మొదలై డిసెంబర్ 24న ముగుస్తుంది. దానికోసమే వచ్చేవాళ్లు మంగళ, బుధవారాల్లో రండి. శనివారం సాయంత్రం ఆ జనంలో పిల్లల చెయ్యి వదలడానికి ఉండదు.

## 2. బస ఎక్కడ

పాత ఊరి చుట్టూ కోటగోడ ఉంది. దక్షిణం కొసన, గోడకు ఎదురుగా ప్రధాన రైల్వే స్టేషన్, అంటే హావుప్ట్‌బాన్‌హోఫ్. ఉత్తరం కొసన గుట్ట మీద కోట. మధ్యలో పెగ్నిట్జ్ నది. ఈ మూడూ గుర్తుంటే దారి తప్పినా భయం లేదు.

రెండు రాత్రులకైతే స్టేషన్ నుంచి లోరెంజ్ చర్చి దాకా ఉన్న క్యోనిగ్‌ష్ట్రాసె చుట్టుపక్కల తీసుకోండి. పెట్టె లాక్కుంటూ ఐదు పది నిమిషాల్లో చేరిపోతారు. కోట దగ్గరి గదుల నుంచి దృశ్యం బాగుంటుంది కానీ రాళ్లు పరిచిన వీధుల్లో, అదీ ఎక్కుడులో, 23 కిలోల పెట్టె లాగడం ఎంత కష్టమో లాగినవాళ్లకే తెలుసు.

బుక్ చేసే ముందు మూడు అడగండి: లిఫ్ట్ ఉందా, వేసవి అయితే ఏసీ లేక కనీసం ఫ్యాన్ ఉందా, చెకిన్‌కు ముందు సామాను పెట్టుకోనిస్తారా. జర్మనీలో ఏసీ ఉంటుందని అనుకోకూడదు. జూలైలో పైఅంతస్తు గది ఉడికిపోతుంది.

ఒక మాట దాచకుండా చెబుతాను. గోడ లోపలి అంచు వెంట నైరుతి వైపు సాగే ఫ్రావెన్‌టోర్‌మావర్ అనే వీధిలో కొంత భాగం రెడ్‌లైట్ ప్రాంతం. దొంగల భయమేం లేదు కానీ, అమ్మానాన్నలతో వెళ్తుంటే ఫోన్ మ్యాప్ ఆ అడ్డదారి చూపించినా పెద్ద వీధినే పోండి.

## 3. ఊరికి చేరడం, టికెట్ల లెక్క

ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో దిగేవాళ్లకు ఐసీఈ అనే హైస్పీడ్ రైల్లో సుమారు రెండున్నర గంటలు. మ్యూనిక్ నుంచి ఐసీఈలో గంట, కాస్త అటూ ఇటూ. మామూలు ప్రాంతీయ రైల్లో సుమారు పావు తక్కువ రెండు గంటలు.

ఇక్కడ ఎక్కువమంది పప్పులో కాలేసేది చవక ఐసీఈ టికెట్‌తో. ఆ టికెట్ ఆ ఒక్క రైలుకే చెల్లుతుంది. విమానం ఆలస్యమై రైలు తప్పిపోతే డబ్బు పోయినట్టే. దిగే సమయానికీ రైలుకూ మధ్య కనీసం మూడు గంటలైనా ఉంచండి, లేదా ఏ రైలైనా ఎక్కగలిగే టికెట్ కొనండి.

మ్యూనిక్ నుంచి నలుగురైదుగురు కలిసి వస్తుంటే బవేరియా టికెట్ (బయర్న్ టికెట్) తీసుకోండి. ఐదుగురి దాకా ఒకే టికెట్. షరతులు రెండు: సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున 9 తర్వాతే చెల్లుతుంది, ఐసీఈ ఎక్కకూడదు. ఫ్రాంక్‌ఫర్ట్ ఆ రాష్ట్రంలో లేదు కాబట్టి అక్కడి నుంచి ఇది పనికిరాదు.

ఊళ్లో తిరగడానికి వీజీఎన్ (ఈ ప్రాంతపు మెట్రో, ట్రామ్, బస్సు, లోకల్ రైళ్ల ఉమ్మడి సంస్థ) వాళ్ల రోజువారీ టికెట్ ఉంది. ఒంటరివాళ్లకు 'సోలో', కుటుంబానికి 'ప్లస్'. ప్లస్ మీద ఆరుగురు తిరగొచ్చు, కానీ అందులో 18 ఏళ్లు నిండినవాళ్లు ఇద్దరే ఉండాలి. శనివారం కొంటే ఆదివారం కూడా అదే చెల్లుతుంది. విమానాశ్రయం కూడా ఊరి జోన్‌లోనే వస్తుంది.

ఇక్కడ చదువుకునే పిల్లలకు: మీ దగ్గర జర్మనీ టికెట్ (దేశమంతా లోకల్ రవాణాకు చెల్లే నెలవారీ టికెట్) ఉంటుంది కాబట్టి అమ్మానాన్నలిద్దరికీ ఒక ప్లస్ టికెట్ కొంటే లెక్క సరిపోతుంది. మీ టికెట్ మీద వాళ్లను ఎక్కించకండి. ఇక్కడ మెట్రోకు గేట్లు ఉండవు, ఎవరూ ఆపరు, కానీ మఫ్టీలో చెకింగ్‌వాళ్లు తిరుగుతుంటారు. దొరికితే మనిషికి 60 యూరోలు. "తెలియదండీ" అంటే వినరు.

టికెట్ మీద ముద్ర వేయడానికి ఖాళీ చోటు ఉంటే ఎక్కే ముందే ప్లాట్‌ఫామ్ దగ్గరి పెట్టెలో దూర్చి ముద్ర వేయించుకోండి.

ఇక న్యూరెంబర్గ్ కార్డ్. రెండు రోజులు రవాణా, మ్యూజియాలు, కోట అన్నీ కలిపి ఇస్తారు. ధర 30 యూరోలు దాటుతుంది. రోజుకు రెండేసి చొప్పున లోపలికి వెళ్లి చూసేవాళ్లకు గిట్టుబాటు. బయట తిరిగి, ఫోటోలు దిగి, ఒక్క కోట చూస్తే చాలనుకునేవాళ్లకు దండగ.

## 4. బయలుదేరే ముందు సరిచూసుకోవాల్సినవి

ఇండియా నుంచి వచ్చేవాళ్లకు:

- షెంగెన్ వీసా. పెద్దలకు ఫీజు 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు. వేసవికి వచ్చేవాళ్లు చివరి నెల దాకా ఆగవద్దు, అపాయింట్‌మెంట్లు దొరకవు.
- కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చుకు సరిపడే ప్రయాణ బీమా.
- సామానులో నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి వద్దు. బయటి దేశాల నుంచి పాలు, మాంసంతో చేసినవి యూరప్‌లోకి తేనివ్వరు. ఆవకాయ, గోంగూర, కారప్పొడులు తెచ్చుకోవచ్చు. నూనె కారకుండా కట్టడం మీ పూచీ.

అందరికీ:

- అడుగు మెత్తగా, పట్టు గట్టిగా ఉన్న బూట్లు. కొత్తవి వద్దు. చెప్పులతో ఆ రాళ్ల బాటలో ఒక్క పూట నడిస్తే రెండో పూట గదిలోనే.
- చిన్న గొడుగు లేదా వాన కోటు. జూన్‌లోనూ కావాలి.
- 50 సెంట్లు, యూరో నాణేలు. పబ్లిక్ టాయిలెట్లకు, లాకర్లకు అవసరం.
- కొంత నగదు. కార్డులు తీసుకునే చోట్లు పెరిగాయి కానీ చిన్న తినుబండారాల బండ్ల దగ్గర నోటే నడుస్తుంది.
- రోజూ వేసుకునే మందులు, చీటీతో సహా. ఆదివారం మందుల దుకాణాలు మూసి ఉంటాయి, వంతుల వారీగా ఒకటి రెండే తెరుస్తారు.
- ఫోన్‌లో 112 (అంబులెన్స్, అగ్నిమాపక దళం), 110 (పోలీసు).

## 5. దిగిన సాయంత్రం: బరువు పనులు పెట్టుకోవద్దు

విమాన ప్రయాణం చేసి వచ్చినవాళ్లను ఆ సాయంత్రమే కోట ఎక్కించేవాళ్లున్నారు. అది శిక్షే.

గదిలో సామాను పెట్టి, స్నానం చేసి, క్యోనిగ్‌ష్ట్రాసె వెంట నది దాకా నడిచి రండి. మ్యూజియం వంతెన మీద ఆగి తూర్పు వైపు చూస్తే, నీళ్ల మీద కమానులు వేసి కట్టిన పాత ధర్మాసుపత్రి, హైలిగ్ గైస్ట్ ష్పిటాల్, కనిపిస్తుంది. 1339లో కాన్రాడ్ గ్రోస్ అనే సంపన్నుడు పేద, వృద్ధ రోగుల కోసం పెట్టిన సంస్థ అది. పొద్దుగూకే వేళ ఫోటోకు దీన్ని మించింది ఈ ఊళ్లో లేదు. వేసవిలో రాత్రి 9 దాటినా వెలుతురు ఉంటుంది, డిసెంబర్‌లో నాలుగున్నరకే చీకటి.

బుధవారం దిగి, ఇంకా ఓపిక ఉన్నవాళ్లు జాతీయ మ్యూజియానికి వెళ్లండి. అది మహాసముద్రం, మొత్తం చూడబోకండి. మార్టిన్ బెహైమ్ చేయించిన భూగోళం ఎక్కడుందో అడిగి నేరుగా అక్కడికే పోండి. 1492 ప్రాంతంలో చేసిన ఆ గోళం, ఇప్పటికి మిగిలిన భూగోళాల్లో అతి పాతది. కొలంబస్ తిరిగొచ్చిన కబురు అందకముందే గీసింది కాబట్టి అందులో అమెరికా ఖండం లేదు. మా అబ్బాయి దాని చుట్టూ రెండుసార్లు తిరిగి "మరి బాబాయి వాళ్లిల్లు ఏది?" అన్నాడు. వాళ్లది డాలస్.

లోపలికి వెళ్లే దారిలో తెల్లని స్తంభాల వరుస ఉంటుంది. 1993లో డానీ కరవాన్ అనే శిల్పి కట్టిన మానవ హక్కుల మార్గం. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటనలోని 30 అధికరణాలు అందులో చెక్కించారు. ఇది బయటే ఉంటుంది, టికెట్ అక్కర్లేదు.

## 6. మొదటి రోజు: పైనుంచి కిందికి

అందరూ స్టేషన్ నుంచి నడక మొదలుపెట్టి, చర్చిలు, సంత చూస్తూ మధ్యాహ్నానికి కోట కిందికి చేరతారు. అప్పటికి ఎండ నెత్తి మీద, కాళ్లు పీకుతుంటాయి, అసలు ఎక్కుడు అప్పుడే మొదలు. పెద్దవాళ్లు "మీరు వెళ్లి రండి, మేం ఇక్కడే కూర్చుంటాం" అనేది కూడా అక్కడే. తిరగేయండి.

### 6.1. ట్రామ్‌లో గుట్ట వెనక్కి

హావుప్ట్‌బాన్‌హోఫ్‌లో యు2 లేదా యు3 మెట్రో ఎక్కి రెండో స్టాప్ ప్లేరర్‌లో దిగండి. అక్కడ 4వ నంబర్ ట్రామ్ ఎక్కి టీర్‌గేర్ట్‌నర్‌టోర్ స్టాప్‌లో దిగండి. గోడలోని ద్వారం గుండా లోపలికి వస్తే చిన్న చౌకు, దాని అంచునే డ్యూరర్ ఇల్లు. కోటకు ఇక్కడి నుంచి కూడా కాస్త ఎక్కాలి కానీ సంత దగ్గరి నుంచి ఎక్కేదాంతో పోలిస్తే చాలా నయం.

### 6.2. కోట (పొద్దున 9కే)

కైజర్‌బుర్గ్ కోట ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా 9కి, మిగతా నెలల్లో 10కి తెరుస్తారు. తెరిచే వేళకు అక్కడ ఉంటే గుంపులు రాకముందే చూసేయొచ్చు.

లోతు బావిని వదలకండి. రాతిని తొలుచుకుంటూ సుమారు 50 మీటర్లు పోయిన బావి అది. అక్కడి సిబ్బంది నీళ్లు పోస్తారు. చప్పుడు వినిపించేదాకా కొన్ని క్షణాలు పడుతుంది, ఆ కాసేపూ గదిలో ఎవరూ మాట్లాడరు. తర్వాత దీపాలు కిందికి దించి చూపిస్తారు. పిల్లలకు కోటలోకెల్లా గుర్తుండేది ఇదే.

సిన్‌వెల్ అనే గుండ్రటి బురుజుకు మెట్లు మాత్రమే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు దాన్ని వదిలేసినా పోయేదేం లేదు. బయటి వసారా నుంచే ఎర్ర పెంకుల కప్పులన్నీ కనిపిస్తాయి, దానికి టికెట్ కూడా లేదు.

ఆ కప్పులు చూసి "ఎంత పాత ఊరో" అనుకునే ముందు ఒక్క సంగతి గుర్తుంచుకోండి. 1945 జనవరి 2 రాత్రి బాంబు దాడిలో పాత ఊరిలో దాదాపు అంతా నేలమట్టమైంది. చూస్తున్నదాంట్లో చాలావరకు తర్వాత అదే రూపంలో మళ్లీ కట్టుకున్నది.

### 6.3. డ్యూరర్ ఇల్లు

చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ 1509 నుంచి 1528లో చనిపోయేదాకా ఉన్న ఇల్లు. అసలు చిత్రాలుంటాయని ఆశించి వెళ్లకండి, నిరాశ పడతారు. ఇక్కడ చూడాల్సింది ఆయన పనిచేసిన ఇల్లు, వంటగది, అచ్చు యంత్రం. నలభై నిమిషాలు చాలు.

శీతాకాలంలో కోట 10కి తెరుస్తారు కాబట్టి ఇంటిని మధ్యాహ్నానికి వాయిదా వేయండి. లేకపోతే సంత చౌకులోని చర్చి గడియారం దగ్గర పన్నెండు గంటల బొమ్మల ఆట తప్పిపోతుంది.

### 6.4. పన్నెండు కొట్టేసరికి సంతలో

డ్యూరర్ ఇంటి నుంచి దిగుడు దారిలో పదినిమిషాల్లోపు హావుప్ట్‌మార్క్ట్, అంటే పెద్ద సంత చౌకు. 11:50కి ఫ్రావెన్‌కిర్హె చర్చి ఎదురుగా ఉండాలి. చర్చి గోడకు ఆనుకుని నిలబడితే మెడ నొప్పి తప్ప ఏమీ కనిపించదు, చౌకు మధ్యకు రండి.

సరిగ్గా 12కి గడియారం కింది బొమ్మలు కదులుతాయి. మధ్యలో నాలుగో కార్ల్ చక్రవర్తి కూర్చుని ఉంటే, చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న ఏడుగురు ప్రభువులు ఆయన చుట్టూ మూడుసార్లు ప్రదక్షిణం చేస్తారు. చక్రవర్తి ఎన్నిక పద్ధతిని ఖాయం చేసిన 1356 నాటి శాసనానికి గుర్తుగా 1509లో పెట్టిన గడియారం ఇది. రోజుకు ఒక్కసారే, ఈ వేళకే. పైనున్న నీలం, బంగారు రంగుల గోళం చంద్రకళను చూపిస్తుంది. ఆ రోజు తిథి ఏమిటో అమ్మను అడిగి సరిచూసుకోండి, సరదాగా ఉంటుంది.

ఈ చౌకు ఖాళీ స్థలంలో వెలిసింది కాదు. ఇక్కడ యూదుల పేట ఉండేది. 1349లో ఆ జనాన్ని చంపి, ఇళ్లు కూల్చి సంత చౌకు, చర్చి కట్టారు. అది తెలిసి నిలబడటం వేరు.

చౌకు మూలన 19 మీటర్ల ఎత్తున్న 'అందమైన ఫౌంటెన్' ఉంది. ఇనుప కంచెలో ఇమిడిన ఇత్తడి రింగును మూడుసార్లు తిప్పి కోరిక కోరుకోవడం వాడుక. అందరూ వరసకట్టేది మెరిసే రింగు దగ్గర. అసలైంది అవతలి వైపున్న నల్ల ఇనుప రింగేనని ఊరివాళ్లు అంటారు. మా అత్తయ్య దేన్నీ నమ్మనంటూనే రెండూ తిప్పింది.

### 6.5. భోంచేశాక నది వెంట

సంత నుంచి పడమటికి పది నిమిషాలు. వైస్‌గెర్బర్‌గాస్సె, తోలు పదును పెట్టేవాళ్ల వీధి. కర్ర దూలాల ఇళ్లు బాంబులకు కూలకుండా వరసగా మిగిలిన చోటు. అక్కడి నుంచి నదికి దిగితే కెట్టెన్‌స్టేగ్, 1824 నాటి ఇనుప గొలుసుల వేలాడే వంతెన. కాస్త తూర్పుకు వస్తే తలారి వంతెన, పక్కనే తలారి ఉన్న ఇల్లు.

దారిలోనే సెబాల్డ్ చర్చి. లోపల పీటర్ ఫిషర్, ఆయన కొడుకులు 1508 నుంచి 1519 దాకా పోతపోసిన కంచు సమాధి మండపం ఉంది. అడుగున మండపాన్ని మోస్తున్న నత్తలను వెతకమని పిల్లలకు పని పెట్టండి.

### 6.6. చివరగా లోరెంజ్ చర్చి

వంతెన దాటి స్టేషన్ వైపు వస్తే లోరెంజ్. ఇక్కడ చూపు రెండు చోట్లే నిలపండి. ఒకటి, కప్పు నుంచి వేలాడే ఫైట్ ష్టోస్ చెక్క శిల్పం, 1518 నాటిది. రెండోది, ఎడమ పక్క దాదాపు 20 మీటర్లు లేచిన ఆడమ్ క్రాఫ్ట్ రాతి గోపురం. దాని కొస పైకి పోయేకొద్దీ తీగలా వంగి ఉంటుంది. కింద మోకాళ్ల మీద కూర్చుని, ఆ బరువంతా మోస్తున్నట్టు ఉన్న గడ్డపాయన శిల్పే. తన బొమ్మే చెక్కుకున్నాడు.

ఇక్కడి నుంచి గదికి ఐదు నిమిషాలు. రోజు మొత్తంలో గట్టి ఎక్కుడు పొద్దున్నే అయిపోయింది, గమనించారా?

## 7. రెండో రోజు: కోర్టు హాలు, తర్వాత నాజీ సభల మైదానం

ఈ రెండిటికీ వరుస తప్పించవద్దని నా సలహా. మైదానం చూసి కోర్టుకు వెళ్లేవాళ్లున్నారు, కాలక్రమం అదే కదా అని. కానీ కోర్టు ప్రదర్శనలో చదవాల్సింది చాలా ఉంటుంది. బుర్ర తాజాగా ఉన్నప్పుడే అది అవ్వాలి.

1. పొద్దున హావుప్ట్‌బాన్‌హోఫ్ నుంచి ఫ్యూర్త్ వైపు వెళ్లే యు1 ఎక్కి బేరెన్‌షాంచె స్టాప్‌లో దిగండి. అక్కడి నుంచి కొద్ది నడక.
2. ఆడియో గైడ్ తీసుకుని పైఅంతస్తు ప్రదర్శన చూడండి.
3. తర్వాత 600వ నంబర్ హాలులో కూర్చోండి. 1945 నవంబర్ 20 నుంచి 1946 అక్టోబర్ 1 దాకా మొదటి విచారణ జరిగింది ఇందులోనే. బోనులో 21 మంది ముద్దాయిలు. ఇంగ్లిష్, ఫ్రెంచ్, రష్యన్, జర్మన్, నాలుగు భాషల్లోకి అప్పటికప్పుడు అనువాదం చేసి హెడ్‌ఫోన్లలో వినిపించారు. హాలు మీరు అనుకున్నదానికంటే చిన్నగా కనిపిస్తుంది.
4. రెండు, రెండున్నర గంటలు ఉంచుకోండి. పదేళ్లలోపు పిల్లలను ఇక్కడికి తేవద్దు. ఇద్దరిలో ఒకరు వాళ్లను రైల్వే మ్యూజియానికి తీసుకెళ్లండి. 1835లో ఇక్కడి నుంచి ఫ్యూర్త్‌కు నడిచిన జర్మనీ తొలి ఆవిరి రైలు కథ అక్కడ ఉంది.
5. మధ్యాహ్నం స్టేషన్‌కు వచ్చి, భోంచేసి, డోకు చెంట్రుమ్ స్టాప్‌కు వెళ్లే ట్రామ్ ఎక్కండి.

మైదానంలో నాజీ పార్టీ మహాసభల కోసం మొదలుపెట్టి పూర్తిచేయని కాంగ్రెస్ హాలు, చెరువు, నాజీ నాయకులు ప్రసంగాలు చేసిన జెప్పెలిన్ వేదిక ఉన్నాయి. చుట్టూ సమాచార బోర్డులు, బయట తిరగడం ఉచితం. దూరాలు ఎక్కువ, నీడ తక్కువ. నీళ్ల సీసా తప్పనిసరి. లోపలి ప్రదర్శనశాలలో కొన్నేళ్లుగా మరమ్మతులు సాగాయి కాబట్టి ఆ రోజు ఏ భాగం తెరిచి ఉందో వెబ్‌సైట్‌లో చూసుకుని బయలుదేరండి. జూన్ మొదట్లో రాక్ సంగీతోత్సవం, ఆ తర్వాత కొన్ని వారాలకు కారు రేసులు ఇక్కడే జరుగుతాయి. ఆ రోజుల్లో సగం దారులు మూసేస్తారు.

చాలా ముఖ్యం: వేదిక మీద నిలబడి చెయ్యి చాచి నాజీ సెల్యూట్ ఫోజు పెట్టవద్దు. జర్మనీలో అది నేరం. "సరదాకి" అన్న జవాబు పోలీసుల దగ్గర పనిచేయదు. కుర్రాళ్లతో వచ్చేవాళ్లు ట్రామ్‌లోనే ఈ మాట చెప్పి దింపండి.

## 8. తిండి

ఈ ఊరి సాసేజ్ పేరున్నది. ఏడు నుంచి తొమ్మిది సెంటీమీటర్ల పొడవు, వేలంత లావు, పూర్తిగా పంది మాంసం. కూర్చుని తింటే ఆరు, ఎనిమిది, పది, పన్నెండు లెక్కన పళ్లెంలో ఇస్తారు. నిలబడి తినేవాళ్లకు 'డ్రై ఇమ్ వెగ్లా', బన్‌లో మూడు.

మనవాళ్లలో చాలామందికి అసలు సందేహం "ఇందులో ఏ మాంసం?" అన్నది. మెనూలో ఈ మాటలు గుర్తుపట్టండి:

- రిండ్: గొడ్డు మాంసం
- ష్వైన్: పంది మాంసం
- హేన్‌షెన్, హూన్: కోడి
- పూటె: టర్కీ కోడి
- ష్పెక్: పంది కొవ్వు ముక్కలు. చెప్పకుండా కూరలో, సూపులో పడేది ఇదే.
- ఓనె ఫ్లైష్: మాంసం లేకుండా

శాకాహారులు బంగాళదుంప సూపు, బంగాళదుంప సలాడ్ చూసి నిశ్చింతగా ఆర్డర్ ఇచ్చేస్తారు. రెంటిలోనూ మాంసం ఉడికించిన నీళ్లు ఉండొచ్చు. అడగాల్సిందే. నమ్మదగినవి కేజె ష్పేట్స్‌లె (జున్నుతో కలిపిన మెత్తటి పిండి ముక్కలు, గుడ్డు ఉంటుంది), పుట్టగొడుగుల మీగడ కూరతో బ్రెడ్ ఉండలు (వీటిలోనూ గుడ్డు ఉంటుంది), ఓబాట్స్‌డా అనే జున్ను ముద్దతో ప్రెట్‌జెల్. గుడ్డు కూడా తినని పెద్దవాళ్లకు ఇండియన్ రెస్టారెంట్ ఒకటి ముందే చూసి పెట్టుకోండి, లేదా గదిలో పెరుగు, ఆవకాయ.

చేపల ప్రియులకు ఒక మంచి కబురు. సెప్టెంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఈ ప్రాంతంలో కార్ప్ చేప కాలం. మన బంగారుతీగే. సగం చేపను నిలువునా కోసి, పిండి అద్ది, నూనెలో కరకరలాడేలా వేయించి పళ్లెం అంచులు దాటేలా పెడతారు. రెక్కలు అప్పడంలా నమలొచ్చు. ముళ్లు ఎక్కువ, అయినా గోదావరి వాళ్లకు ముళ్లు ఒక లెక్కా?

హోటల్ మర్యాదలు కొన్ని:

- 'ష్టామ్‌టిష్' అని రాసిన బల్ల దగ్గర కూర్చోకండి, అది రోజూ వచ్చేవాళ్లది.
- బల్ల మీద బుట్టలో పెట్టిన ప్రెట్‌జెల్ ఉచితం కాదు. తిన్నవి లెక్కపెట్టి బిల్లు వేస్తారు.
- నీళ్లు కొనాలి. 'ష్టిలెస్ వాసర్' అంటే గ్యాస్ లేనివి. ఉత్తినే నీళ్లు అంటే బుడగలవే వస్తాయి.
- టిప్పు ఐదు నుంచి పది శాతం. బల్ల మీద వదిలి రాకుండా, డబ్బు ఇచ్చేటప్పుడే మొత్తం ఎంత తీసుకోవాలో చెప్పండి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుకునే దారులు

రెండు రోజుల్లోనే రోతెన్‌బుర్గ్, బాంబెర్గ్ కూడా చూసేద్దాం అనుకోవడం. రెండూ వీజీఎన్ పరిధిలోనే ఉన్నాయి, రోజువారీ టికెట్‌తో పోవచ్చు కూడా. కానీ రోతెన్‌బుర్గ్‌కు రైళ్లు మారుతూ గంట దాటి ప్రయాణం, రానూపోనూ సగం రోజు పోతుంది. పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగడం మేలు. మూడో రాత్రి కలుపుకోగలిగితేనే వెళ్లండి, అప్పుడు కూడా ఒక్కటే. నేనైతే బాంబెర్గ్ అంటాను, ప్రయాణం తేలిక.

పన్నెండు గంటల గడియారం తప్పిపోవడం. మర్నాడు కోర్టు హాలు నుంచి త్వరగా బయటపడి, యు1లో లోరెంజ్‌కిర్హె స్టాప్‌లో దిగితే సంత ఐదు నిమిషాలు.

ఆదివారం తినడానికి ఏమీ కొనుక్కోకపోవడం. స్టేషన్ లోపలి దుకాణాలు ఆదివారమూ నడుస్తాయి. పాలు, పెరుగు, పళ్లు అక్కడ దొరుకుతాయి.

రోజంతా వాన. నేల కింది రాతి సొరంగాలకు గైడెడ్ టూర్ ఉంది. ఒకప్పుడు బీరు నిల్వచేసిన నేలమాళిగలు. ఇంగ్లిష్ టూర్ వేళలు చూసి ముందే బుక్ చేసుకోండి. మే నెలైనా స్వెట్టర్ కావాలి, కింద చలి.

ఖాళీ సీసాలు పారేయడం. ప్లాస్టిక్ సీసాకు 25 సెంట్ల డిపాజిట్ కలిపే అమ్ముతారు. సూపర్‌మార్కెట్‌లోని మెషీన్లో వేసి చీటీ తీసుకోండి.

## 10. వెళ్లే రోజు

- గది ఖాళీ చేశాక సామాను హోటల్లోనే వదలండి, కుదరకపోతే స్టేషన్ లాకర్లలో.
- ఇంటికి తీసుకెళ్లడానికి లెబ్‌కూహెన్, అంటే మసాలా కేకు బిళ్లలు. 'ఎలీజెన్' అని రాసి ఉన్నవి కొనండి. వాటిలో కనీసం నాలుగో వంతు గింజపప్పులు ఉండాలని, పిండి పది శాతం దాటకూడదని నియమం. గుడ్డు ఉంటుంది, పంచేటప్పుడు చెప్పండి. రేకు డబ్బా అందంగా ఉంటుంది కానీ మోత. సాదా ప్యాకెట్‌లోనిది కూడా ఇదే రుచి, ధర తక్కువ.
- రోజువారీ టికెట్ ఇంకా చెల్లుతుందా చూసుకోండి.
- విమానాశ్రయానికి యు2, పన్నెండు పదమూడు నిమిషాలు. బోర్డు మీద 'ఫ్లూగ్‌హాఫెన్' అని ఉన్నదే ఎక్కండి, కొన్ని మధ్యలోనే ఆగిపోతాయి. ప్లాట్‌ఫామ్ మీద ముందు కొసకు నడవండి. ఈ మెట్రోకు డ్రైవర్ ఉండడు. ముందు అద్దం దగ్గరి సీటు పిల్లలకు వదిలేయండి, పెట్టెలు మీరు చూసుకోండి.